కుందేటి కొమ్ములు: గట్టు మీది మొక్క, గ్రంథంలోని పేరు



కోలారు నుంచి పలమనేరు వైపు వచ్చే బాటలోనైనా, బళ్ళారి నుంచి గుంతకల్లు వైపు పోయే దారిలోనైనా, కృష్ణగిరి, హోసూరు చుట్టుపక్కల మిట్టల మీదనైనా బస్సు ఆగినప్పుడు రోడ్డు పక్కనున్న రాతిగట్టును ఒకసారి చూడండి. తంగేడు, కలబంద, జిల్లేడు, బలుసు కనిపిస్తాయి. ఇవన్నీ మనకు తెలిసినవే. వాటి మధ్య, ఏదో ఒక ముళ్ళపొద నీడలో, బూడిదరంగు కలిసిన ఆకుపచ్చ కాడలు నాలుగైదు జానెడెత్తున నిక్కబొడుచుకుని ఉంటాయి. వాటికి ఆకు ఉండదు, ముల్లు ఉండదు. తెలియనివారు ఎండిన పుల్లలనుకుని దాటిపోతారు. తెలిసినవారు మాత్రం "కుందేటి కొమ్ములు" అంటూ వంగి కొన విరుచుకుంటారు.

ఈరోజు మన ముచ్చట ఆ మొక్క గురించే. దాన్ని ఎలా గుర్తుపట్టాలి, దాని తెలుగు పేరు ప్రపంచ వృక్షశాస్త్రంలోకి ఎలా చేరింది, ఇప్పుడు దాన్ని వేళ్ళతో సహా తవ్వి తీసుకుపోవడం ఎంతవరకు న్యాయం, ఈ మూడు సంగతులూ చెప్పుకుందాం.

ముందు గుర్తులు. కుందేటి కొమ్ము కాడను చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తే నాలుగు పలకలు తెలుస్తాయి. కాడ మెత్తగా, నీరు పట్టి ఉంటుంది. పలకల అంచుల్లో చిన్న చిన్న పళ్ళలాంటి నొక్కులుంటాయి. లేతకాడ మీద ఆ నొక్కుల దగ్గర చీమతలంత ఆకులు పుట్టి, త్వరగా రాలిపోతాయి. కాడ పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. వానలు పడ్డాక ఆ సన్నని కొనల్లో ఊదారంగు కలిసిన చిన్న పువ్వులు వేలాడతాయి. పువ్వుకు అయిదు రేకలు. పూత అయ్యాక కాయలు జంటగా, సన్నగా, కొమ్ముల్లాగే నిలబడతాయి. కాయ పగిలితే జిల్లేడు గింజలకున్నట్టే పట్టులాంటి దూది ఉన్న గింజలు గాలిలో ఎగిరిపోతాయి. ఇది జిల్లేడుకు దగ్గరి చుట్టం మరి.

దీనికి ఒక దాయాది ఉంది. దాని కాడ ఇంకా లావుగా ఉంటుంది. పువ్వులు ఒక్కొక్కటిగా కాకుండా కాడ కొసన గుత్తిగా, బంతిలాగా పూస్తాయి. రంగు ముదురు ఊదా. దగ్గరికి పోతే కుళ్ళిన మాంసం వాసన వస్తుంది. ఆ వాసనకు ఈగలు వచ్చి వాలతాయి. ఆ ఈగలే దానికి తుమ్మెదలు.

ఇంకొక జాగ్రత్త కూడా చెప్పాలి. జెముడు మొక్కలు చిన్నవిగా ఉన్నప్పుడు పలకల కాడతో ఇలాగే అనిపించవచ్చు. గిచ్చి చూస్తే తేడా తెలిసిపోతుంది. జెముడుకు ముల్లుంటుంది, తెల్లని పాలు కారతాయి, ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం. కుందేటి కొమ్ముకు ముల్లు లేదు, పాలు లేవు, గిచ్చితే నీరే వస్తుంది. పిల్లలకు చూపించేటప్పుడు ఈ తేడా మొదట చెప్పండి.

పేరు చూడండి, ఎంత తమాషాగా ఉందో. కుందేలుకు కొమ్ములుండవని అందరికీ తెలుసు. లేనిదానికి, దొరకనిదానికి మన పెద్దలు కుందేటి కొమ్మును ఉదాహరణగా చెబుతారు. అలాంటి పేరును గట్టు మీద దొరికే మొక్కకు పెట్టారు. కన్నడంలో దీన్ని మంగన కోడు అంటారు, అంటే కోతి కొమ్ము. మరాఠీలో మాకడ్‌శెంగుళి అంటారు. అక్కడా కోతే వచ్చింది. తమిళంలో కళ్ళిముళయాన్ అంటారు, అందులో కళ్ళి అంటే జెముడు. సరిహద్దు ఊళ్ళలో ఉన్న మన తెలుగు ఇళ్ళలో ఒక్క మొక్కకే రెండు మూడు పేర్లు వాడుకలో ఉండటం మీకు అనుభవమే. సంతలో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు. ఆ ఇంటి పేరు ఎంత దూరం ప్రయాణం చేసిందో ఇప్పుడు చెబుతాను.

స్కాట్లండు దేశంలో 1751లో పుట్టిన విలియం రాక్స్‌బర్గ్ అనే వైద్యుడు 1776లో ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసు చేరాడు. 1781లో గోదావరి సీమలోని సామర్లకోటకు వచ్చి, అక్కడ తోట వేసి, మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క, నీలి వంటి పంటలను పరీక్షించాడు. కంపెనీకి కావలసింది లాభం. రాక్స్‌బర్గ్ ఆ పని చేస్తూనే, చుట్టుపక్కల చేలల్లో, గట్లమీద, అడవుల్లో మొలిచే ప్రతి మొక్కనూ తెలుసుకోవాలని పట్టుబట్టాడు. స్థానిక చిత్రకారులను పెట్టుకుని, మొక్క ఎంత ఉంటే బొమ్మ అంత ఉండేలా, పువ్వు లోపలి భాగాలు సహా గీయించాడు. ఆయన గీయించిన బొమ్మలు 2,500కు పైగా ఉన్నాయి.

ఆ పని నడుమ ఒక పెద్ద దెబ్బ తగిలింది. 1787 మే నెలలో కోరంగి తీరాన్ని ఘోరమైన తుఫాను ముంచెత్తింది. సముద్రం ఊళ్ళమీదికి వచ్చింది. వేలమంది చనిపోయారు. యానాం పక్కనున్న ఇంజరంలో రాక్స్‌బర్గ్ అంతవరకు కూడబెట్టుకున్న పుస్తకాలు, ఎండబెట్టి దాచుకున్న మొక్కలు ఆ నీళ్ళలో పోయాయి. యానాం శ్రోతలకు ఇది దూరపు కథ కాదు, పక్క ఊరి కథ.

అన్నీ పోయిన మనిషి మళ్ళీ ఎలా మొదలుపెట్టగలిగాడు? కాగితాలు పోయాయి గాని మొక్కలు గట్లమీదే ఉన్నాయి. వాటి పేర్లు చెప్పగలిగిన మనుషులు ఊళ్ళలో ఉన్నారు. మళ్ళీ వెళ్ళి మళ్ళీ అడిగి తెలుసుకోవచ్చు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ ఇక్కడికే వద్దాం.

1795లో లండనులో ఆయన పుస్తకం మొదటి సంపుటం అచ్చు మొదలైంది. జోసెఫ్ బ్యాంక్స్ అనే పెద్ద శాస్త్రవేత్త దాన్ని వెలువరించాడు. పేరు 'కోరమండల్ తీరపు మొక్కలు'. 1819 దాకా మూడు సంపుటాలు, మొత్తం 300 చిత్రపటాలు వచ్చాయి. అందులో శాస్త్రీయ నామం పక్కనే తెలింగుల భాషలో ఈ మొక్కను ఫలానా అంటారు అని రాయడం రాక్స్‌బర్గ్ అలవాటు. ఆ మొదటి సంపుటంలో 30వ పటం మన కుందేటి కొమ్ము. దానికి ఆయన రాసుకున్న తెలుగు పేరు "కార్ అల్లం". కారల్లము అన్నమాట. అది కారమైన అల్లమా, కారడవిలోని అల్లమా అన్నది పండితులు తేల్చుకోవచ్చు. మనకు కావలసిన సంగతి, ఆ పేరు చెప్పినవాడు తెలుగువాడన్నదే.

రాక్స్‌బర్గ్ ఈ మొక్కను దక్షిణాఫ్రికా మొక్కల గుంపులో చేర్చి 'స్టపేలియా' అన్నాడు. ఆ తరువాత 1810లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రవేత్త, మన నిఘంటువు రాసిన సి.పి. బ్రౌన్ కాదు, ఆయన వేరు, ఈ మొక్క ఆ గుంపుకు చెందదని గమనించి దీనికోసం కొత్త ప్రజాతి ఏర్పాటు చేశాడు. దానికి పెట్టిన పేరు 'కరల్లుమ'. ఇది అరబ్బీ మాట నుంచి వచ్చిందని కొందరు రాశారు. కాని రాక్స్‌బర్గ్ పుటలో కారల్లము అన్న తెలుగు మాట కళ్ళకు కట్టినట్టు ఉంది గనుక, పేరుకు మూలం అదేనని చెప్పడమే సబబు. తరువాతి కాలంలో ఆఫ్రికాలో, అరేబియాలో దొరికిన దీని చుట్టాలకు కూడా అదే పేరు పెట్టారు. అంటే, ఎక్కడో ఎడారిలో మొలిచే మొక్కను ఆ దేశపు శాస్త్రవేత్త పిలిచినా మన గట్టు మీది మాట ఆయన నోట పలుకుతుంది.

ఆ మాట రాక్స్‌బర్గ్‌కు చెప్పిందెవరు? పశువులు కాసే పిల్లవాడా, కట్టెలకు పోయిన అవ్వా, నాటు వైద్యుడా? పుస్తకంలో ఆ పేరు లేదు. అంత అందంగా బొమ్మలు గీసిన చిత్రకారుల పేర్లు కూడా పుస్తకం చెప్పదు. రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా తోటకు అధికారిగా వెళ్ళి, 1815లో ఎడింబరోలో కన్నుమూశాడు. ఆయన పేరు ఎన్నో మొక్కలకు అంటుకుంది. పేరు చెప్పినవారి జాడ మాత్రం ఆ ఒక్క మాటలో మిగిలింది.

ఆ మనుషులకు మొక్క పేరు ఒక్కటే కాదు, దాన్ని వాడే పద్ధతి కూడా తెలుసు. రాయలసీమలోను, కోలారు, తుమకూరు మిట్టల్లోను పశువులు కాసేవారు ఎండలో ఆకలైనప్పుడు కుందేటి కొమ్ము కొన విరిచి పచ్చిగానే నములుతారు. కొంచెం చేదు, కొంచెం ఉప్పన. ఆకలి, దప్పిక కాసేపు తెలియవంటారు. ఇంటికి తెచ్చుకుంటే చింతపండు, మిరపకాయ వేసి పచ్చడి నూరతారు. తమిళ సీమలో తొగయల్ చేస్తారు. ఏది చేసినా కావలసింది లేతకొన. మొదలు నారతో గట్టిగా ఉంటుంది, తినడానికి పనికిరాదు. కనుక కొనలు విరవడం, మొదలు వదలడం అలవాటు. విరిచిన చోట పక్కనుంచి మళ్ళీ కాడలు వస్తాయి. నాలుగు వేళ్ళ పొడవున్న ముక్కను రెండు రోజులు ఆరనిచ్చి రాళ్ళమట్టిలో గుచ్చితే అదే వేరు పోసుకుంటుంది. ఇంత సులువుగా బతికే మొక్కను తవ్వవలసిన అవసరమే ఎవరికీ రాలేదు.

అవసరం ఇటీవలి కాలంలో వచ్చింది. ఆకలి తెలియనివ్వదన్న పశుల కాపరి మాట పట్టణానికి చేరి, ఒళ్ళు తగ్గించే మందుగా మారింది. 2007లో బెంగళూరు వైద్యుల పరీక్ష ఒకటి శాస్త్రపత్రికలో అచ్చయింది. 50 మందికి 60 రోజులపాటు రోజుకొక గ్రాము చొప్పున కొందరికి దీని సారం, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. సారం తీసుకున్నవారికి ఆకలి, నడుము చుట్టుకొలత తగ్గినట్టు కనిపించింది. బరువులో మాత్రం రెండు గుంపులకూ చెప్పుకోదగిన తేడా రాలేదు. అయినా మందుబిళ్ళల వ్యాపారం దేశదేశాలకు పాకింది. ఎకరాల్లో పండించే పంట కాదు గనుక, గిరాకీ పెరిగినప్పుడు చేతులు కొండవాలుకు, రోడ్డుగట్టుకు పోతాయి. తూకానికి అమ్మేవాడు కొనలు విరుస్తూ కూర్చోడు. గడ్డపార పెట్టి పొద మొత్తం లేపుతాడు. దీనికి తోడు, కుండీల్లో ముళ్ళమొక్కలు, ఎడారి మొక్కలు పెంచే సరదా ఒకటి పెరిగింది. కారు ఆపి, గట్టు మీది మొక్కను వేళ్ళతో పెకలించి తీసుకుపోయేవారూ ఉన్నారు.

ఇలాంటి కథ ఇది మొదటిది కాదు. ఒరిస్సా కొండల్లోని మన శ్రోతలకు సర్పగంధ బాగా తెలుసు. తెల్లని, గులాబి రంగు పూలగుత్తులతో మూరెడెత్తు పెరిగే చిన్న మొక్క. దాని వేరు మన వైద్యంలో ఎంతో కాలంగా ఉంది. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ దాన్ని రక్తపోటు రోగులకు ఇచ్చి చూసి, 1949లో ఫలితాలు ఇంగ్లండు పత్రికలో ప్రకటించాడు. 1952లో స్విట్జర్లండు శాస్త్రజ్ఞులు దాని వేరునుంచి రిసర్పిన్ అనే మందును వేరుచేశారు. ప్రపంచమంతా వేరు కావాలంది. సర్పగంధలో అసలు సరుకు వేరే గనుక, ఒక వేరు తీస్తే ఒక మొక్క చచ్చినట్టే. చివరకు 1969లో మన ప్రభుత్వం వేరు ఎగుమతిని నిషేధించింది. 1990లో అంతర్జాతీయ ఒప్పందం కింద దాని వ్యాపారానికి అదుపు పెట్టారు. మంచి మందు దొరికినందుకు సంతోషించాలి. కాని మొక్క తరిగిపోయాక కట్టిన కట్ట అది.

చిత్తూరు, కోలారు, ధర్మపురి వైపు మారేడు గడ్డలది కూడా ఇదే దారి. సీమలో వీటితో నన్నారి షర్బతు చేస్తారు. తమిళులు మాహాళిక్కిళంగు అని ఊరగాయ పెడతారు. కన్నడిగులు మాకళి బేరు అంటారు. తమిళంలో నన్నారి అంటే సుగంధిపాల వేరు. మనవైపు నన్నారి అంటే చాలాచోట్ల మారేడు గడ్డ. పేరు ఒకటి, మొక్కలు రెండు. ఏది తవ్వుతున్నామో తెలియకుండా తవ్వితే రెండూ పోతాయి. పూర్వం తవ్వేవాళ్ళు రెండు మూడు గడ్డలు తీసుకుని, మిగతా వేరును మట్టితో కప్పి వచ్చేవారని కొండ ఊళ్ళలో పెద్దలు చెబుతారు. లారీ లెక్కకు తవ్వేచోట ఆ ఓపిక ఉండదు.

అయితే ఒక మాట. గడ్డపార పట్టిన కూలిమనిషిని తిట్టి చేతులు దులుపుకోవడం సులువు. వానలు లేని ఏడు, పని లేని రోజున, కిలోకు ఇంత అని ఎవరో వచ్చి చెబితే ఆ అమ్మ కొండెక్కుతుంది. ఆమె చేతికి వచ్చేది చాలా తక్కువ. మందుబిళ్ళ సీసా వెలతో పోలిస్తే మరీ తక్కువ. తప్పు లెక్క కట్టాలంటే కొనేవాడి దగ్గర మొదలుపెట్టాలి. సరదాకు కారు ఆపి తవ్వుకునేవాడికైతే ఆకలి కారణం కూడా లేదు.

మరి తవ్వడం ఎప్పుడూ తప్పేనా? కాదు. వయ్యారిభామను చూడండి. తెల్లని చిన్న పూలతో రోడ్ల పక్కన పరుచుకునే ఆ మొక్క 1950ల మధ్యలో పూనా ప్రాంతంలో మొదటిసారి గుర్తింపుకు వచ్చి, దేశమంతా కమ్మేసింది. అది తగిలితే కొందరికి ఒళ్ళు దద్దురు, ఉబ్బసం. దాన్ని పువ్వు రాకముందే, చేతికి గుడ్డ చుట్టుకుని, వేళ్ళతో పీకడం పుణ్యమే. పీకవలసింది ఏదో, వదలవలసింది ఏదో తెలియాలంటే ముందు గుర్తుపట్టడం రావాలి. ఇంకొక సందర్భం రోడ్డు వెడల్పు చేసే పని. రేపు యంత్రం వచ్చి గట్టును చదును చేస్తుందని ఖాయంగా తెలిస్తే, అధికారులతో ఒక మాట చెప్పి, ఆ మొక్కలను తీసి పక్క మిట్టమీదో, బడి ఆవరణలోనో నాటడం మంచి పని. అక్కడ తవ్వకపోవడమే తప్పు.

ఈ రెండు సందర్భాలు తప్పిస్తే నాలుగు నియమాలు పెట్టుకుందాం. మొదటిది, పేరు తెలియని మొక్కను తవ్వకూడదు. తెలుసుకోవడానికి ఒక పువ్వు, ఒక కాయ చూస్తే చాలు. రాక్స్‌బర్గ్ చిత్రకారులు చేసినట్టు బొమ్మ గీయండి, లేదా ఫొటో తీయండి. రెండవది, ఒకటి రెండు పొదలే ఉన్నచోట కొన కూడా విరవవద్దు. పది పొదలున్నచోట ఒకదాని కొన విరవండి. మూడవది, పెంచాలనిపిస్తే కాడముక్క తీసుకోండి, వేరు తీసుకోవద్దు. నాలుగవది, కాయ పగిలి గింజ ఎగిరేదాకా మొక్కను ముట్టుకోవద్దు. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా తవ్వడం ఎలాగూ నేరమే. రోడ్డుగట్టు మీద కాపలావాడు ఉండడు గనుకనే అక్కడ మన మనసు కాపలా కాయాలి.

చివరగా సరిహద్దు శ్రోతలకు ప్రత్యేకంగా ఒక మనవి. 2002లో వచ్చిన జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోను ఒక సంఘం ఏర్పడి, ఊరి మొక్కలు, జంతువులు, వాటి పేర్లు, వాడకాలతో ప్రజా రిజిస్టరు తయారు చేయాలి. మీ పంచాయతీ ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రిజిస్టరు ఆ రాష్ట్ర భాషలో ఉంటుంది, అది న్యాయమే. కాని మీ ఊళ్ళో ఆ మొక్కకు తెలుగు పేరు ఉంటే, మంగన కోడు పక్కన కుందేటి కొమ్ము అనీ, కళ్ళిముళయాన్ పక్కన కారల్లము అనీ రాయించండి. ఇంట్లో అవ్వను, తాతను అడిగి రాయించండి. మొక్క ఏ గట్టు మీద, ఏ పొద నీడలో ఉందో కూడా రాయించండి. అడిగినవాడి పేరు మిగిలి, చెప్పినవారి పేరు పోవడం ఒకసారి జరిగింది. ఈసారి చెప్పినవారి పేరు కూడా రాయించండి.

1787 తుఫానులో కాగితాలన్నీ పోయినా ఆ విద్య మళ్ళీ చిగురించింది. గట్టు మీద మొక్క, ఊళ్ళో మనిషి మిగిలారు కాబట్టే అది సాధ్యమైంది. ఇప్పుడు మన దగ్గర పుస్తకాలున్నాయి, చిత్రపటాలున్నాయి, ప్రపంచమంతా ఒప్పుకున్న పేరూ ఉంది. గట్టు మీద మొక్క లేకపోతే రేపు మన మనవలు కుందేటి కొమ్ము అంటే ఏమిటని అడిగినప్పుడు, సామెతలో ఉన్న అర్థమే చెప్పవలసి వస్తుంది. లేనిదాని పేరు అని.

ఆ రోజు రాకుండా చూసుకుందాం.